12 అంగుళాల బెంచ్ డిస్క్ సాండర్: మోటారు కన్నా ముందు టేబుల్ చూసి కొనండి

కోసిన చెక్క చివరను నిక్కచ్చిగా 90 డిగ్రీలకు తేవాలన్నా, ఫొటో ఫ్రేము మూలలు సందు లేకుండా కలవాలన్నా, జిగ్‌సాతో కోసిన వంపును పెన్సిల్ గీత దాకా దించాలన్నా చిన్న షాపుల్లో బెంచ్ డిస్క్ సాండర్‌కు సాటి లేదు. చేత్తో ఉప్పుకాగితం రుద్దితే అంచులు గుండ్రబడతాయి. చేతి బెల్ట్ సాండర్‌తో అడ్డకోతను చదును చేయబోతే మెషినే ఊగుతుంది. ఇక్కడ అలా కాదు. గరుకు కాగితం అంటించుకుని తిరిగే ఒక గట్టి పళ్లెం, దాని ఎదుట ఒక గట్టి టేబుల్. ఈ రెండూ ఎంత కచ్చితంగా నిలబడితే పని అంత కచ్చితంగా వస్తుంది. అందుకే ఈ రివ్యూలో మోటారు కన్నా టేబుల్ గురించే ఎక్కువ చెబుతున్నాం.

రివ్యూకి తీసుకున్నది 12 అంగుళాల రకం. 305 మి.మీ. అల్యూమినియం పళ్లెం, 1 హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు, నిమిషానికి సుమారు 1440 తిప్పులు, పోత ఇనుప టేబుల్, 45 డిగ్రీల దాకా వంచే వీలు. ఒకే అచ్చులో పోసిన మెషిన్ మీద నాలుగు రకాల పేర్లు, రంగులు కనిపిస్తాయి. కాబట్టి స్టిక్కరు మీది పేరు చూసి తేల్చేసుకోకుండా, మీ ముందున్న మెషిన్నే పరీక్ష చేసి తీసుకోవాలి.

ముందు ఒక అపోహ తీసేద్దాం. 12 అంగుళాల డిస్క్ అంటే 12 అంగుళాల వెడల్పు చెక్క పడుతుందని కాదు. డిస్క్ తిరిగేటప్పుడు ఒక సగం కిందికి దిగుతుంది, మరో సగం పైకి లేస్తుంది. పని చేయాల్సింది దిగే సగం మీదే. ఆ సగం 6 అంగుళాలు. నడిమధ్యన వేగం దాదాపు ఉండదు కాబట్టి అక్కడ అంగుళం వదిలేస్తే, మిగిలే పని చోటు 5 అంగుళాలు. 8 అంగుళాల మెషిన్‌లో ఇది 3 అంగుళాలకు పడిపోతుంది. తలుపు బీడింగులు, ఫ్రేము ముక్కలు, బొమ్మల పీటలు చేసేవాళ్లకు 8 చాలు. స్టూలు కాళ్లు, డ్రాయరు పలకలు, చిన్న గుండ్రటి పీటలు చేసేవాళ్లు 12కి వెళ్లడమే మంచిది.

ఇక టేబుల్ సంగతి. షాపులో మెషిన్ చూడబోయేటప్పుడు ఒక మంచి మూలమట్టం, స్టీలు స్కేలు, పెన్సిల్ వెంట తీసుకెళ్లండి. ప్లగ్గు పీకి ఉండగానే ఈ పరీక్షలన్నీ చేయొచ్చు. మొదటిది పళ్లెం వంకర. పెన్సిల్‌ను టేబుల్ మీద కదలకుండా పట్టి, మొన పళ్లెం అంచుకు తగిలీ తగలకుండా ఉంచి, చేత్తో పళ్లెం నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. ఒకచోట గీరుకుని మరోచోట సందు కనిపిస్తే పళ్లెం ఊగుతున్నట్టు. డయల్ గేజ్‌తో (సన్నటి తేడాలను ముల్లుతో చూపే కొలత పరికరం) కొలిస్తే 0.2 మి.మీ. లోపు వచ్చే ఊగుడును సర్దుకోవచ్చు. కంటికి స్పష్టంగా కనిపించేంత, అంటే అర మి.మీ. ఊగితే ఆ మెషిన్ వద్దు. అలాంటి డిస్క్ చెక్కను అరగదీయదు, టకటకా కొడుతుంది.

రెండోది టేబుల్ మీది గాడి. మైటర్ గేజ్ (ముక్కను కావలసిన కోణంలో పట్టి జరిపే పట్టీ) జరిగే ఈ గాడి డిస్క్ ముఖానికి సమాంతరంగా ఉండాలి. దీన్ని కొలవడానికి ఒక ఒడుపు ఉంది. డిస్క్ అంచున పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టి, దాన్ని ఎడమ వైపుకు తెచ్చి గాడి నుంచి దూరం కొలవండి. తర్వాత పళ్లెం తిప్పి అదే చుక్కను కుడి వైపుకు తెచ్చి మళ్లీ కొలవండి. రెండుసార్లూ ఒకే చుక్కతో కొలుస్తున్నారు కాబట్టి పళ్లెం వంకర ఈ లెక్కలో కలవదు, గాడి తప్పు మాత్రమే బయటపడుతుంది. తేడా ఉంటే టేబుల్ కింది బోల్టులు వదులు చేసి సరిచేసుకునే వీలుందా అని చూడండి. కొన్ని అచ్చుల్లో ఆ బోల్టు రంధ్రాలు బిగువుగా ఉండి టేబుల్ ఒక వెంట్రుకంత కూడా జరగదు. అలాంటివి వదిలేయండి.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం: డిస్క్‌కీ టేబుల్ అంచుకీ మధ్య సందు. అది 1.5 మి.మీ. దాటకూడదు. అంతకన్నా వెడల్పు ఉంటే సన్నటి బీడింగు ముక్క దిగే డిస్క్‌తో పాటు కిందికి దూరుతుంది, దాని వెనకే వేలు వెళ్తుంది. ఈ మెషిన్ మీద గట్టి గాయాలకు ఆ సందు దారి తీస్తుంది. టేబుల్‌ను 45 డిగ్రీలకు వంచి సందు మళ్లీ చూడండి. కీలు టేబుల్ అంచుకు దూరంగా ఉన్న మెషిన్లలో వంచగానే సందు పెరుగుతుంది. అలా పెరిగినప్పుడు టేబుల్‌ను ముందుకు జరిపి బిగించే ఏర్పాటు ఉండాలి. లేకపోతే 12 మి.మీ. ప్లైవుడ్ పలకను టేబుల్ మీద క్లాంపులతో బిగించి, దాని అంచును డిస్క్‌కు తగిలీ తగలకుండా జరపడమే మార్గం. సన్నటి ముక్కల పనికి టేబుల్ వంచకుండా సమంగా ఉన్నప్పుడు కూడా ఈ ప్లైవుడ్ పలక వాడటమే మేలని మా గట్టి అభిప్రాయం.

టేబుల్ పక్కన ఉండే డిగ్రీల స్కేలును నమ్మకండి. ఈ ధరలో వచ్చే మెషిన్లలో అది అంటించిన రేకు మాత్రమే. 90 డిగ్రీలు మూలమట్టంతో పెట్టుకుని, ఒక ముక్క అరగదీసి చూడండి. 2 అంగుళాల మందం ఉన్న రెండు ముక్కల చివర్లు అరగదీసి, వాటిని గాజు పలక మీద చివర చివర ఆనించి, దేన్నీ తలకిందులు చేయకుండా, అరగదీసేటప్పుడు టేబుల్‌కు ఆనిన ముఖమే రెండిటికీ కిందికి ఉండేలా పెడితే తప్పు రెట్టింపై కనిపిస్తుంది. రెండిటి మధ్య వెలుతురు రాకపోతే టేబుల్ సరిగ్గా ఉన్నట్టే. అప్పుడు కింద ఉన్న స్టాప్ బోల్టును ఆ చోట బిగించండి. మైటర్ గేజ్ కూడా గాడిలో వదులుగా ఆడుతుంటుంది. దాని కడ్డీ పక్కన సెంటర్ పంచ్‌తో రెండు మూడు చుక్కలు కొడితే లోహం కాస్త ఉబ్బి బిగువు వస్తుంది.

టేబుల్ కుదిరాక చూడాల్సింది స్విచ్. విశాఖలో వేసవి లోడు కోతలు, తుఫాను రోజుల్లో కరెంటు పోయి రావడం తెలిసినవే. మామూలు టాగుల్ స్విచ్ ఉన్న మెషిన్ ఆన్‌లో ఉండగా కరెంటు పోతే, తిరిగి వచ్చినప్పుడు దానంతట అదే తిరగడం మొదలుపెడుతుంది. అప్పటికి ఎవరో డిస్క్ మీది పొడి తుడుస్తూ ఉండొచ్చు. నో-వోల్ట్ రిలీజ్ స్విచ్ ఉంటే కరెంటు వచ్చినా పచ్చ బటన్ నొక్కేదాకా కదలదు. మెషిన్‌తో ఆ స్విచ్ రాకపోతే విడిగా కొని ఎలక్ట్రీషియన్ చేత పెట్టించండి. మోటారు ఆంపియర్లకు సరిపడేది తీసుకోవాలి. ఎర్ర బటన్ పెద్దదిగా, చెయ్యి ఖాళీ లేకపోయినా తొడతోనో మోకాలితోనో నొక్కగలిగే చోట ఉంటే ఇంకా మంచిది.

దీనికి 16 ఆంపియర్ల పవర్ సాకెట్, సరైన ఎర్తింగ్, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) కావాలి. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు లాగితే మోటారు మొదలయ్యేటప్పుడు వోల్టేజి పడిపోతుంది, వేగం అందుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది, ఆ సమయమంతా మోటారుకు మొదటి ఊపునిచ్చే స్టార్టింగ్ కెపాసిటర్ కాలుతూ ఉంటుంది. తప్పనిసరైతే 2.5 చదరపు మి.మీ. రాగి వైరు, వీలైనంత పొట్టిగా వాడండి. మెషిన్‌ను బెంచికి నాలుగు బోల్టులతో బిగించాలి. బిగించని మెషిన్ వణుకుతూ నడుస్తుంది, ఆ వణుకే చెక్క మీద అలలుగా దిగుతుంది.

పని చేసే పద్ధతి చెప్పుకోవడానికి ఈ మెషిన్ వేగం తెలియాలి. నిమిషానికి 1440 తిప్పుల దగ్గర 12 అంగుళాల డిస్క్ అంచు సెకనుకు 23 మీటర్లు కదులుతుంది, అంటే గంటకు 80 కిలోమీటర్ల పైమాటే. అంచుకీ కేంద్రానికీ సగం దూరంలో ఆ వేగం సగమే. అందుకే ముక్కను ఒకేచోట ఆనించి నిలిపితే అంచు వైపు ఎక్కువ అరిగి, నల్లగా మాడుతుంది. ముక్కను టేబుల్ మీద గట్టిగా అదిమి, డిస్క్‌కు మెల్లగా తగిలించి, పక్కలకు జరుపుతూ ఉండాలి. అదిమే బలం కిందికి, అంటే టేబుల్ మీదికి. డిస్క్ మీదికి నెట్టే బలం చాలా తక్కువ.

చాలా మెషిన్లలో ఎదురుగా నిలబడి చూస్తే డిస్క్ గడియారానికి వ్యతిరేకంగా తిరుగుతుంది, కాబట్టి ఎడమ సగం కిందికి దిగుతుంది. మీ మెషిన్ గార్డు మీద బాణం గుర్తు చూసి ఖాయం చేసుకోండి. ఆ వైపు ముక్క టేబుల్ మీదికే నొక్కుకుంటుంది. లేచే వైపు తగిలిస్తే ముక్క ఎగిరి ముఖం మీదికి వస్తుంది, పొడి కూడా కళ్లలోకే వస్తుంది. వెడల్పు ముక్కను కేంద్రం దాటించి పెట్టినా ఇదే ప్రమాదం. పెద్ద వంపులు చేసేటప్పుడు తెలియకుండానే ముక్క కుడి వైపుకు జారుతుంది, దాన్ని మాత్రం గమనించుకోవాలి.

వేళ్లు డిస్క్‌కు కనీసం 2 అంగుళాల దూరంలో ఉండాలి. అంత దూరం రాని చిన్న ముక్కను చేత్తో పట్టకండి. ఒక పెద్ద దిమ్మకు రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించి, దిమ్మను పట్టుకుని అరగదీయండి. ఈ మెషిన్ దగ్గర చేతి తొడుగులు వేసుకోకూడదు. గరుకు డిస్క్ గుడ్డను పట్టిందంటే చేతిని వెంట లాక్కుపోతుంది. భుజం మీద తువ్వాలు, పొడుగు చేతుల చొక్కా, మణికట్టుకు కట్టిన దారాలు, మెడలో గొలుసు, అన్నీ తీసి పక్కన పెట్టాలి. కళ్లకు పక్కలు మూసిన అద్దాలు తప్పనిసరి. స్విచ్ ఆపాక పళ్లెం వెంటనే ఆగదు, బ్రేక్ లేదు. ఆ బరువు నిలవడానికి చాలాసేపే పడుతుంది, చప్పుడు తగ్గిందని చెయ్యి పెట్టేయకండి.

పళ్లేనికి అంటించే కాగితం డిస్కుల దగ్గర చాలామంది డబ్బు వృథా చేస్తారు. రోజువారీ పనికి 80 నంబరు చాలు. ఎక్కువ దించాల్సి వస్తే 60, చివరి నునుపుకు 120. అంతకు మించిన నునుపు ఈ మెషిన్‌తో కోరకండి. నున్నటి డిస్క్ అడ్డకోతను కోయలేక రాపిడితో కాలుస్తుంది. డిస్క్ వదిలే విల్లు గీతలను ఎలాగూ చేత్తోనే పోగొట్టాలి. చెక్క మాడుతోందంటే కారణాలు వరసగా చూడండి: కాగితం అరిగిందా, రంధ్రాలు పూడాయా, నంబరు మరీ నున్ననా, మీరు గట్టిగా నెడుతున్నారా. టేకులో నూనె, ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్కలో బంక ఉంటాయి, రెండూ కాగితాన్ని త్వరగా పూడుస్తాయి. తిరిగే డిస్క్‌కు దిగే వైపున క్రేప్ రబ్బరు దిమ్మ ఆనిస్తే పూడిక ఊడి వస్తుంది, డిస్క్ ఆయుష్షు బాగా పెరుగుతుంది. పాత ప్యాలెట్ల చెక్కలో మేకులు దాగి ఉంటాయి. అయస్కాంతంతో వెతికి పీకకుండా డిస్క్‌కు తగిలించకండి. ఒక్క మేకు చాలు, కాగితం చీలి నిప్పురవ్వలు పొడి సంచిలోకి వెళ్లడానికి.

ఏటికొప్పాక తరహా లక్క బొమ్మలు చేసేవాళ్లకు ఒక మాట. అంకుడు చెక్క మెత్తన, 120 నంబరు డిస్క్ మీద అడుగు భాగం చక్కగా చదునవుతుంది. కానీ ఆ పని లక్క పూయక ముందే అయిపోవాలి. లేత్ మీద రాపిడి వేడికి కరిగే లక్క, డిస్క్ మీద కూడా కరుగుతుంది. రంగు చెదురుతుంది, డిస్క్ జిగటబారి పనికిరాకుండా పోతుంది.

స్టిక్కర్ డిస్క్ మార్చడం ఇలా. ప్లగ్గు పీకండి, టేబుల్ తీయండి లేదా కిందికి దించండి. పాత కాగితం అంచును ఎత్తి ఒకే లాగుతో పీకండి. మొండికేస్తే హెయిర్ డ్రయర్‌తో వేడి చేస్తే జిగురు మెత్తబడుతుంది. పళ్లెం మీద మిగిలిన జిగురును టర్పెంటైన్ గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే ముందుకు వెళ్లాలి. ఆ ఆవిరి ఉండగా స్విచ్ వేయకూడదు. కొత్త డిస్క్ వెనక కాగితాన్ని సగం మాత్రమే ఒలిచి, మడిచి, అంచులు చూసుకుని పై సగం అంటించండి. తర్వాత మిగతా సగం ఒలుస్తూ మధ్య నుంచి అంచుకు అరచేత్తో రుద్దండి. లోపల గాలి బుడగ మిగిలితే ఆ చోట కాగితం ఉబ్బి, చెక్కను కొట్టి చిరుగుతుంది. చేత్తో ఒక చుట్టు తిప్పి, ఎక్కడా టేబుల్‌కు తగలడం లేదని చూసి, పక్కకు నిలబడి ఒక నిమిషం ఖాళీగా నడపండి. 305 మి.మీ. పళ్లెం మీద 300 మి.మీ. డిస్క్ వేసినా నడుస్తుంది. పళ్లెం కన్నా పెద్దది మాత్రం వేయకండి, బయటికి వచ్చిన అంచు పట్టుకుని చిరుగుతుంది.

ఈ డిస్కుల జిగురుకు ఈ ఊరి తేమే మొదటి శత్రువు. విప్పి ఉంచిన డిస్కులు వానాకాలంలో వంకరలు తిరుగుతాయి, జిగురు పట్టు వదులుతుంది. గాలి చొరని పాలిథీన్ సంచిలో, రెండు ప్లైవుడ్ పలకల మధ్య, పడుకోబెట్టి ఉంచండి. అవసరానికి మించి నిల్వ కొనకండి.

పొడి విషయంలో ఈ మెషిన్ స్వతహాగా బలహీనం. చాలా అచ్చుల్లో పొడి గొట్టం 63 మి.మీ. మాత్రమే. 100 మి.మీ. గొట్టం ఉన్నది దొరికితే అదే తీసుకోండి, గాలి పోయే దారి రెండున్నర రెట్లు పెరుగుతుంది. సంచి రకం డస్ట్ కలెక్టర్ దానికి సరిపోతుంది. ఇంటి వాక్యూమ్ క్లీనర్‌కు నేరుగా తగిలిస్తే ఫిల్టర్ చూస్తుండగానే పూడిపోతుంది, మధ్యలో సైక్లోన్ బకెట్ (గాలిని సుడి తిప్పి పొడిని కిందికి రాల్చే బకెట్) పెట్టాలి. కలెక్టర్ ఉన్నా మాస్కు మానకండి. కంటికి కనిపించని సన్నటి పొడే ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి గ్రూపులో చేర్చింది. ఎండీఎఫ్‌లో (చెక్క నారను జిగురుతో అదిమి చేసిన పలక) ఫార్మాల్డిహైడ్ జిగురు కూడా కలుస్తుంది. ముఖానికి కట్టిన చేతిరుమాలు దీన్ని ఆపదు. ఐఎస్ 9473 గుర్తు ఉన్న ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్కు, ముక్కు దగ్గర రేకు నొక్కి పెట్టుకోవాలి.

ఇనుము, అల్యూమినియం ఇదే డిస్క్ మీద రుద్దవచ్చా అని షాపుల్లో అడిగితే వద్దనేవాళ్లు అరుదు. మేము వద్దంటాం. ఇనుప రవ్వలు చెక్క పొడిలో పడితే అది పైకి మంట లేకుండా లోలోపల రాజుకుని, షాపు మూసి వెళ్లాక అంటుకుంటుంది. అల్యూమినియం పొడి, తుప్పు పొడి ఒకచోట చేరడం ఇంకా ప్రమాదం. లోహం పనికి వేరే మెషిన్ ఉండాలి.

బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ వైపు షెడ్లున్నవాళ్లకు తుప్పే పెద్ద బెడద. ఉప్పు గాలికి పోత ఇనుప టేబుల్ ఒక్క రాత్రిలో ఎర్రబడుతుంది. పని అయ్యాక పొడి తుడిచి, వారానికోసారి గట్టి మైనం పాలిష్ పూసి గుడ్డతో రుద్దండి. సిలికాన్ కలిసినది వాడకండి, అది చెక్కకు అంటితే పాలిష్ పట్టదు. నూనె కూడా వద్దు, చెక్క మీద మరక పడుతుంది. అప్పటికే తుప్పు పట్టి ఉంటే 320 నంబరు నీటి కాగితం మీద రెండు చుక్కల కిరసనాయిలు వేసి రుద్ది, తుడిచి, మైనం పూయండి. మెషిన్ మీద ప్లాస్టిక్ కవరు కప్పితే లోపల తేమ నిలిచి తుప్పు పెరుగుతుంది. నూలు దుప్పటి మేలు.

పొడి తేమ పీల్చుకుని పళ్లెం వెనక గార్డులో అట్టలు కడుతుంది, మోటారు వెనక ఫ్యాను జాలీని మూసేస్తుంది. అక్కడ వేడి మొదలవుతుంది. వారానికోసారి ప్లగ్గు పీకి, వాక్యూమ్‌తో లాగండి. కంప్రెసర్ గాలి కొడితే పొడి మోటారు లోపలికే పోతుంది.

స్విచ్ వేస్తే మోటారు గుయ్‌మని మూలిగి కదలకపోతే వెంటనే ఆపేయండి. డిస్క్‌ను చేత్తో తిప్పి సాయం చేయబోకండి, అది అందుకుంటే చర్మం ఊడుతుంది. కారణం ఎక్కువగా రెండింటిలో ఒకటి: స్టార్టింగ్ కెపాసిటర్ పోయి ఉంటుంది, లేదా వేగం అందుకోగానే ఆ కెపాసిటర్‌ను తప్పించే లోపలి సెంట్రిఫ్యూగల్ స్విచ్ పొడితో ఇరుక్కుని ఉంటుంది. కెపాసిటర్ మార్చేటప్పుడు దాని మీద రాసిన మైక్రోఫారడ్లు, వోల్టులు చూసి అదే విలువది వేయించాలి. ప్లగ్గు పీకినా అందులో కరెంటు నిలిచి ఉంటుంది, ఈ పని తెలిసినవారికే వదలండి. టకటక చప్పుడు వస్తే పళ్లెం వెనక గ్రబ్ స్క్రూ (పళ్లేన్ని ఇరుసుకు బిగించే తల లేని స్క్రూ) వదులయిందేమో ఎలెన్ కీతో చూడండి. గరగర చప్పుడు వేగంతో పాటు పెరిగితే అది బేరింగు. నంబరు బేరింగు మీదే రాసి ఉంటుంది. రెండు వైపులా రబ్బరు సీలు ఉన్న రకమే అడగండి, రేకు మూతల రకంలోకి సన్నటి పొడి చొరబడుతుంది. గాజువాక ఆటోనగర్‌లో మోటారు వైండింగ్ పనివాళ్లు, లేత్ షాపులు ఉన్నాయి కాబట్టి మరమ్మతుకు ఊరు దాటాల్సిన పని లేదు.

కొనేటప్పుడు బిల్లు మీద మోటారు వివరాలు, కెపాసిటర్ విలువ, పళ్లెం కొలత రాయించుకోండి. వారంటీ మోటారుకు మాత్రమేనా, స్విచ్‌కీ పళ్లేనికీ కూడా ఉందా అని అడగండి. విడి పళ్లెం, టేబుల్ బిగించే గుబ్బలు దొరకవని షాపువాళ్లు చెబితే, ధర ఎంత తక్కువైనా ఆ మెషిన్ తీసుకోవద్దు. ప్లాస్టిక్ గుబ్బలే ముందు విరుగుతాయి, అవి లేకపోతే టేబుల్ నిలవదు.